అటక మీద దొరికిన గడ్డం పెద్దాయన

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పాత పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీద ఫ్రేము కట్టిన నల్లటి బొమ్మ దొరికింది. కోడిగుడ్డు ఆకారపు అంచులో, మెడచుట్టూ కుచ్చుల పట్టీ, చేతిలో పుస్తకంతో పాస్టరుగారిలాంటి ముసలాయన. కింద లాటిన్‌లో ఏదో రాసి, మూలల్లో 'పింక్సిట్', 'స్కల్ప్‌సిట్' అని ఉంది. డచ్చివాళ్లు ఇక్కడ ఉండేవారు కదా, ఇది వాళ్లదేనని మా బావమరిది లక్షల లెక్కలు వేస్తున్నాడు. నిజమేనా?

జవాబు: మీ బావమరిదిని కాస్త ఆగమనండి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు పాలకొల్లులో వ్యాపారం చేసిన మాట నిజమే గానీ, అంతమాత్రాన ఈ కాగితం వాళ్ల ఓడలోనే దిగిందని కాదు.

పింక్సిట్ అంటే 'చిత్రించాడు', స్కల్ప్‌సిట్ అంటే 'చెక్కాడు'. ఒకరు రంగుల్లో వేస్తే ఇంకొకరు దాన్ని రాగిరేకు మీద తిరగేసి చెక్కేవారు. మనవాళ్లు పెళ్లి బిందెల మీద పేర్లు చుక్కచుక్కగా కొడతారే, అలా కాదు, సన్నటి ఉలిని అరచేత్తో తోస్తూ గాడి తీసుకుంటూ పోవడం. గాడుల్లో ఇంకు నింపి, పైన తుడిచేసి, తడి కాగితం వేసి రోలర్ల మధ్య నొక్కితే బొమ్మ దిగుతుంది. నీడ కావాలంటే గీతలు దగ్గరగా, లోతుగా తీయాలి, అంతే. క్లోద్ మెలాన్ అనే ఫ్రెంచాయన 1649లో క్రీస్తు ముఖం మొత్తాన్ని ముక్కు కొసన మొదలుపెట్టి చుట్లు చుట్లుగా తిరిగే ఒకే ఒక్క గీతతో చెక్కాడు, నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

పండితుల బొమ్మలు పుస్తకాల మొదట్లో వేసేవారు, విడిగా కూడా అమ్మేవారు. రెంబ్రాంట్ అనే డచ్చి చిత్రకారుడు 1646లో సిల్వియస్ అనే బోధకుడి బొమ్మ వేశాడు (అది గీతల్ని ఉలితో కాకుండా ఆసిడ్‌తో తినిపించిన రేకు, పద్ధతి కాస్త వేరు). ఆయన పోయి అప్పటికి 8 ఏళ్లు. అయినా ఆ పెద్దాయన అంచులోంచి బయటికి వంగి మాట్లాడుతున్నట్టే ఉంటాడు, చాచిన చెయ్యి నీడ అంచు మీద పడుతుంది!

ఇక మీ బొమ్మ. ఫ్రేము విప్పించి భూతద్దంతో చూడండి. బొమ్మంతా సమానంగా పేర్చినట్టు చుక్కలు కనిపిస్తే అది ఈమధ్య అచ్చేసిన కాపీ. గీతలే కనిపించి, బొమ్మ చుట్టూ రేకు నొక్కిన పల్లం వేలికి తగిలితే రాగిరేకు అచ్చు అనుకోవచ్చు, కాకపోతే పాత రేకులతో తర్వాత్తర్వాత కూడా అచ్చులు తీసేవారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కాగితంలో జల్లెడలాంటి సన్నటి చారలు కనిపించాయా, అప్పుడు పాత సరుకు తెలిసినవాళ్లకి చూపించండి. ఈలోగా తడిగుడ్డతో మాత్రం తుడవకండి, కాలవ వైపు గోడకి అసలే వద్దు, ఆ చెమ్మకి ముందు చెదలొస్తాయి.