ధరలు దాచిన భర్తకు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పాటలు ఇంకా బాగా వినిపించాలని పాతికేళ్లుగా ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, కేబుళ్లు మారుస్తూనే ఉన్నాను. మొదట కొన్న స్పీకర్లే బాగుండేవని ఇప్పుడు అనిపిస్తోంది. వాటినీ, ఎల్పీ రికార్డులనూ ఎప్పుడో అమ్మేశాను. దేనికీ అసలు ధర నా భార్యకు చెప్పలేదు. నేను పాటలు వినే గదిలో ఒక్క కుర్చీయే ఉంది, అందులోకి ఆమె రావడం మానేసింది. అన్నీ అమ్మేసి ఈ పిచ్చిని వదిలించుకోవాలా?

జవాబు: మీ ఉత్తరంలో స్పీకర్ల బాధ ఎక్కువగా ఉంది, భార్య బాధ తక్కువగా ఉంది. నా దృష్టిలో బరువు రెండోదానిదే. అయినా మొదటిది తేల్చేద్దాం.

డబ్బు పెట్టి కొన్నాక చెవి తేడా కోసం వెతుక్కుంటుంది. శబ్దం కాస్త పెరిగినా నాణ్యత పెరిగినట్టే తోస్తుంది. అందుకే జాగ్రత్తగా పోల్చేవారు రెండింటి శబ్దాన్నీ సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా వింటారు. ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపయినా పెరిగేది 3 డెసిబెల్సే, అంటే చెవికి కొద్దిగా తెలిసేంత. బేస్, అంటే పాటలోని లోతైన బరువు శబ్దం, ఒక మూల ఉబ్బి మరోచోట మాయమవడం చాలావరకు గది కొలతల వల్ల జరుగుతుంది. స్పీకర్లనూ కుర్చీనీ జరిపి చూడటానికి ఖర్చేమీ లేదు. ఇక ఆ పాత స్పీకర్ల కోసం వెతకకండి. వయసుతో కీచుగా ఉండే పై స్థాయి శబ్దాలు వినే శక్తి తగ్గుతుంది కాబట్టి, అవే దొరికినా అప్పటిలా వినిపించవు.

ఇప్పుడు అసలు సంగతి. గుర్తున్నంతవరకు కొన్నవీ అమ్మినవీ కాగితం మీద రాసి, మొత్తం ఎంతో ఆమెకు ఒకేసారి చెప్పండి. విడతలుగా చెబితే ఇంకా ఏదో దాస్తున్నారన్న అనుమానం మిగులుతుంది. 'అన్నీ అమ్మేస్తున్నాను' అని మాత్రం మొదలుపెట్టకండి. అది ఆమె కోపాన్ని ముందే కొనేసే ప్రయత్నం అవుతుంది. ఆ డబ్బుతో ఏమేం చేసి ఉండవచ్చో ఆమె లెక్క చెప్పవచ్చు. 'నాకు తాగుడు లేదు, పేకాట లేదు' అనే సమాధానం మీ నాలుక చివరే ఉంటుంది. దయచేసి మింగేయండి. ఆమె అడుగుతున్నది అలవాట్ల జాబితా కాదు, తనకెందుకు చెప్పలేదన్నది.

ఆ ఒక్క కుర్చీ సంగతి నన్ను ఆలోచింపజేసింది. రెండు స్పీకర్లూ, వినే మనిషీ సమబాహు త్రిభుజంలో ఉండాలన్న నియమం మంచిదే. కానీ ఆ మూడో కోణంలో ఒక్కరికే చోటు. ఇన్నేళ్లూ మీరు నియమం పాటించారు, ఆమె తలుపు బయట ఉండిపోయింది. రెండో కుర్చీ వేయండి, స్టీరియో కాస్త చెదిరినా పరవాలేదు. ఆమెకు నచ్చిన పాట, రికార్డింగ్ ఎంత నాసిగా ఉన్నా, మధ్యలో ఆపకుండా చివరిదాకా పెట్టండి. బేస్ గురించి ఒక్క మాట కూడా మాట్లాడకండి. ఇదంతా డబ్బు సంగతి చెప్పాకే. ముందే చేస్తే లంచంలా ఉంటుంది. ఆమె రానంటే బతిమాలకండి.

అమ్మకం విషయానికి వస్తే, పశ్చాత్తాపంలో అమ్మినవాళ్లు తక్కువకు అమ్మి, కొన్నాళ్లకు ఎక్కువకు మళ్లీ కొంటారు. కొంతకాలం కొనడం పూర్తిగా ఆపండి. ఆపలేకపోతే మానసిక నిపుణుణ్ని కలవాలి. అప్పు ఉంటే మాత్రం అమ్మడానికి ఆలస్యం చేయకండి. అది తీరడానికి ఏది అమ్మాలో ఆమెతో కలిసి నిర్ణయించండి.