62,500 డాలర్ల సాయంలో సాయం ఎంత?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి ఈ వేసవిలో హైస్కూల్ పూర్తి చేస్తుంది. ఇంజినీరింగ్‌కు రెండు చోట్ల సీటు వచ్చింది. ప్రైవేటు కాలేజీ 62,500 డాలర్ల ‘అవార్డు’ ప్రకటించి, మేం కట్టాల్సింది 17,500 అని రాసింది. మా రాష్ట్రంలోని స్టేట్ యూనివర్సిటీ 9,500 మాత్రమే ఇచ్చి 24,500 కట్టమంటోంది. ప్రైవేటు కాలేజీయే చవక అని నేనంటున్నాను, మా ఆవిడకు నమ్మకం కుదరడం లేదు. నిరుడు ఆగస్టులో ఆమె ఉద్యోగం పోయింది. మా అందరికీ గ్రీన్‌కార్డులున్నాయి. అబ్బాయి పదో తరగతి. దాచిన డబ్బు పిల్లల పేరిట వేయమని ఒక స్నేహితుడి సలహా. ప్రైవేటు కాలేజీలోని చిన్న తరగతుల మీద అమ్మాయికి మనసుంది. ఫీజు కోసం షేర్లు అమ్ముదామనుకుంటున్నాం. 2026 మే 1 లోగా తేల్చాలి. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ అనుమానమే నిజం. స్టేట్ యూనివర్సిటీయే చవక, అదీ ఏడాదికి 14,000 డాలర్ల తేడాతో. మీరు పంపిన రెండు ఉత్తరాల నకళ్లూ నా ముందున్నాయి. ఒక పెన్సిలు తీసుకుని నాతోపాటు చదవండి.

ముందు ప్రైవేటు కాలేజీది. డీన్స్ స్కాలర్‌షిప్ 30,000. కాలేజీ గ్రాంటు 6,000. వాటి కిందే, అదే సైజు అక్షరాల్లో, ‘డైరెక్ట్ సబ్’ 3,500, ‘డైరెక్ట్ అన్‌సబ్’ 2,000, ‘ఫెడరల్ వర్క్-స్టడీ’ 3,000, ‘పేరెంట్ ప్లస్’ 18,000. అన్నిటినీ కూడి, గీత గీసి, కింద లావుపాటి అంకెల్లో 62,500 అని వేశారు.

ఇందులో సాయం అనదగ్గవి మొదటి రెండు వరుసలే. సబ్, అన్‌సబ్ రెండూ మీ అమ్మాయి పేరిట వచ్చే అప్పులు. ఆ పొట్టి పేర్లలో లోన్ అన్న మాట ఎక్కడా లేకపోవడం గమనించారా? పేరెంట్ ప్లస్ మీ నెత్తిన పడే అప్పు. వర్క్-స్టడీ అంటే క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునే అవకాశం మాత్రమే. లైబ్రరీ కౌంటర్లో కూర్చుంటే చేసిన గంటలకు జీతం వస్తుంది. ఆగస్టులో వచ్చే బిల్లులోంచి అది ముందే తగ్గదు, పని దొరక్కపోతే అదీ లేదు.

పెన్సిలుతో ఆ నాలుగు వరుసలూ కొట్టేయండి. మిగిలింది 36,000. ఆ కాలేజీలో ట్యూషన్, ఫీజులు, గది, భోజనం, పుస్తకాలు, రాకపోకలు అన్నీ కలిపి ఏడాది ఖర్చు 80,000 అని ఉత్తరం రెండో పేజీలో ఉంది. 80,000లోంచి 36,000 తీసేస్తే 44,000. అది మీ అసలు ధర. ఇప్పుడు స్టేట్ యూనివర్సిటీ ఉత్తరం. మొత్తం ఖర్చు 34,000, మెరిట్ స్కాలర్‌షిప్ 4,000, మిగతా 5,500 అన్‌సబ్ అప్పు. అసలు ధర 30,000. ఇక్కడ పేరెంట్ ప్లస్‌ను కూడికలో కలపలేదు కాబట్టి ఈ ఉత్తరం పేదగా కనిపిస్తోంది, అంతే.

మోసపోయానని బాధపడకండి. అమెరికా కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ లెక్కలు పరిశీలించే జీఏఓ 2022లో ఇలాంటి ఉత్తరాలనే తిరగేసి చూసింది. 91 శాతం కాలేజీలు అసలు ధర చెప్పడమే లేదని, లేదంటే ఉన్నదానికంటే తక్కువ చేసి చూపుతున్నాయని తేల్చింది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి ఉత్తరమే చూసి ఒక కుటుంబానికి అభినందనలు చెప్పాను. ఆ తల్లి, ‘ఇందులో తిరిగి కట్టక్కర్లేనిది ఎంతండీ?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. అప్పటినుంచి పెన్సిలు లేకుండా ఏ ఉత్తరమూ చదవడం లేదు.

ఇక్కడితో అయిపోలేదు. మీరు కొంటున్నది ఒక ఏడాది చదువు కాదు, నాలుగేళ్లది. స్కాలర్‌షిప్ 30,000 దగ్గరే ఆగిపోతుంది, ఫీజు ఆగదు. ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుందనుకుని లెక్క వేశాను. ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్లకు మీ వాటా సుమారు 1,96,000 డాలర్లు, స్టేట్ యూనివర్సిటీలో సుమారు 1,28,000. తేడా 68,000 దాకా వస్తోంది.

స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ నిలుస్తుందా అన్నది ఇంకో సంగతి. ప్రైవేటు కాలేజీ ఉత్తరం చివర సన్న అక్షరాల్లో ‘ఏటా జీపీఏ 3.4 ఉండాలి’ అని రాసుంది (జీపీఏ అంటే 4కు లెక్కేసే మార్కుల సగటు). స్టేట్ యూనివర్సిటీ 3.0 చాలంటోంది. హైస్కూల్లో 4.0 తెచ్చుకున్న పిల్లకు 3.4 ఒక లెక్కా అని మీకనిపించవచ్చు. ఇంజినీరింగ్ మొదటి ఏడాది కాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒకేసారి మీద పడతాయి. నాకు తెలిసిన ఒక కుర్రాడికి మొదటి ఏడాది చివర 3.28 వచ్చింది. తెలివైనవాడే, చదివేవాడే. ఒక్క కెమిస్ట్రీ పేపరు చెడగొట్టింది. ఏడాదికి 22,000 డాలర్ల స్కాలర్‌షిప్ పోయింది. రెండో ఏడాది మార్కులు పెరిగినా తిరిగి ఇవ్వలేదు, వాళ్ల నిబంధన అలాంటిది. కాబట్టి కాలేజీకి ఫోన్ చేసి మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. జీపీఏ తగ్గితే వెంటనే తీసేస్తారా, ఒక సెమిస్టరు గడువిస్తారా? పోయిన స్కాలర్‌షిప్ మళ్లీ సంపాదించుకోవచ్చా? ఇంజినీరింగ్‌లో మొదటి ఏడాది తర్వాత ఎంతమంది దాన్ని పోగొట్టుకుంటున్నారు? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే దాన్నే జవాబు అనుకోండి.

పేరెంట్ ప్లస్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 2025-26లో ఇచ్చిన ప్లస్ అప్పులపై వడ్డీ 8.94 శాతం. అది కాక ఇచ్చేటప్పుడే 4 శాతం పైచిలుకు రుసుము పట్టుకుంటారు. అంటే 18,000 తీసుకుంటే 760 డాలర్ల దాకా మీ చేతికి రాకుండానే పోతాయి. పైగా 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా ఈ అప్పు తీసుకునే తల్లిదండ్రులకు పరిమితి ఉంది. ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000. మీకు రాసిన 18,000ను నాలుగేళ్లకు లెక్కేస్తే 72,000. మూడేళ్లు చదివించి, నాలుగో ఏడాది సగంలో 7,000 డాలర్ల కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. ఉత్తరం రాసినవాళ్లకు ఈ ఏడాది సంగతి తప్ప మరొకటి పట్టదు మరి.

అమ్మాయి పేరిట వచ్చే డైరెక్ట్ అప్పు వేరు. దానికి వడ్డీ తక్కువ, పరిమితీ చిన్నదే. మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత ఏడాదికి 7,500. నాలుగేళ్లకు 27,000. ఉద్యోగంలో చేరిన ఇంజినీరు తీర్చుకోగల మొత్తమే అది. అవసరమైతే తీసుకోండి, కానీ సంతకం పెట్టేది తను కాబట్టి లెక్క ముందు తనకు చెప్పండి. తల్లిదండ్రులు చాటుగా గుసగుసలాడుకుని తేల్చే విషయం కాదిది.

ఒకే కుటుంబానికి ఒక చోట సబ్, మరో చోట అన్‌సబ్ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఫెడరల్ సాయం కోసం పెట్టే దరఖాస్తు ఫాఫ్సా నింపాక మీకు వచ్చిన ఎస్ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్) 35,000. ‘కుటుంబం భరించగలదనుకునే వాటా’ అని పేరున్న పాత ఈఎఫ్‌సీ స్థానంలో 2024-25 నుంచి వచ్చిన అంకె ఇది. మీరు కట్టాల్సిన సొమ్ము అని చాలామంది పొరపడతారు. నిజానికి వరుసలో మీరెక్కడ నిలబడ్డారో చెప్పే టోకెన్ లాంటిది. ఖర్చు 80,000 ఉన్న చోట దానిలోంచి 35,000 తీసేస్తే 45,000 ‘అవసరం’ మిగులుతుంది కాబట్టి సబ్ వచ్చింది, చదువుకునేంత కాలం ఆ వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. ఖర్చు 34,000 ఉన్న చోట అవసరం సున్నా. అందుకే మొత్తం అన్‌సబ్, వడ్డీ మొదటి రోజు నుంచే పెరుగుతుంది.

ఇక మీ ఆవిడ ఉద్యోగం. మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేసిన ఈ సంగతే మీకున్న అసలు బలం. 2026-27 ఫాఫ్సా చూసేది 2024 ఆదాయాన్ని. అప్పుడు మీ ఇంట్లో రెండు జీతాలు. ఇప్పుడు ఒకటే. ఇలా పరిస్థితి మారిన కుటుంబాల లెక్క సవరించే అధికారం కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు చట్టమే ఇచ్చింది, దాన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. రెండు కాలేజీలకూ ఈ వారమే రాయండి. ఉద్యోగం తీసేసిన కాగితం, చివరి పే స్లిప్, నిరుద్యోగ భృతి వివరాలు జతచేయండి. బేరం చేస్తున్నట్టు కాకుండా విషయం చెప్పండి: ‘2024లో మా ఆదాయం ఇంత. ఆగస్టు నుంచి ఒక జీతం లేదు, 2026లో ఇంత ఉండొచ్చని అంచనా. ఈ లెక్కతో మా దరఖాస్తును మళ్లీ పరిశీలించగలరు.’ చాలు. మా పిల్ల ఎంత ప్రతిభావంతురాలో చెప్పే రెండు పేజీలు అక్కర్లేదు, ఆ సంగతి తెలిసే కదా సీటిచ్చారు.

స్టేట్ యూనివర్సిటీలో దీనివల్ల పెద్దగా ఒరగకపోవచ్చు. కొంత అన్‌సబ్ సబ్‌గా మారవచ్చు. ప్రైవేటు కాలేజీ దగ్గర సొంత డబ్బు ఉంటుంది కాబట్టి ఆ 6,000 గ్రాంటు పెరిగే అవకాశం ఉంది. అక్కడి చిన్న తరగతుల మీద అమ్మాయికి మనసుందని రాశారు. అది చిన్న విషయం కాదు. వాళ్లు గ్రాంటు మరో ఏడెనిమిది వేలు పెంచి, జీపీఏ నిబంధనలో ఒక సెమిస్టరు గడువున్నట్టు రాసిస్తే ఆలోచించవచ్చు. లేదంటే నా ఓటు స్టేట్ యూనివర్సిటీకే. సీటుకు డిపాజిట్ కట్టాక మాత్రం ఈ సంభాషణకు విలువ ఉండదు, అందుకని జవాబు వచ్చేదాకా ఆగండి. ఆలస్యమైతే మే 1 గడువు పొడిగించమని అడగండి, ఇచ్చిన సందర్భాలున్నాయి. ఒకవేళ ఇప్పుడు కాదన్నా, వచ్చే ఏడాది ఫాఫ్సా 2025 ఆదాయాన్ని చూస్తుంది. ఆగస్టు తర్వాత ఒక్క జీతమే కాబట్టి ఆ అంకె దానంతట అదే తగ్గుతుంది.

కాలేజీలకు చేసే ఫోన్లు అమ్మాయి చేతే చేయించండి. కాలేజీలో చేరాక రికార్డులు ఆమెవే. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఆఫీసువాళ్లు మీతో వివరాలు మాట్లాడకపోవచ్చు.

బయటి స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు చేయడం మంచిదే. అయితే అవి వస్తే కాలేజీ తన గ్రాంటు తగ్గిస్తుందో, అప్పు తగ్గిస్తుందో ముందే అడగండి. రెండు వేలు వచ్చాయని సంబరపడేలోపు గ్రాంటులోంచి రెండు వేలు కోసేసే చోట్లున్నాయి. దరఖాస్తుకే డబ్బు కట్టమనే స్కాలర్‌షిప్ జోలికి పోవద్దు. ఫాఫ్సా కూడా ఉచితమే, నింపిపెడతామని వందలు అడిగేవాళ్లతో మీకు పని లేదు. ఇది చదివే హెచ్-4 పిల్లల (తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడి ఉంటున్నవాళ్ల) తల్లిదండ్రులకు ఒక మాట: ఫెడరల్ సాయం మీకు రాదు, కానీ కాలేజీ సొంత డబ్బుకు ఆ అడ్డంకి ఉండాలని లేదు, ఆఫీసును అడగండి.

మీ స్నేహితుడి సలహా వినకండి. ఫాఫ్సా లెక్కలో తల్లిదండ్రుల పొదుపులో గరిష్ఠంగా 5.64 శాతమే చదువుకు పోతుందని చూస్తారు. అదే డబ్బు విద్యార్థి పేరిట ఉంటే 20 శాతం. పది వేలు మీ ఖాతాలో ఉంటే 564 లెక్కకు వస్తుంది, అమ్మాయి ఖాతాలో ఉంటే 2,000. పిల్లల చదువు కోసం మీరు తెరిచిన 529 పొదుపు ఖాతా మీ ఆస్తిగానే లెక్కకు వస్తుంది. రిటైర్‌మెంట్ ఖాతాలు, ఉంటున్న ఇల్లు ఫాఫ్సాకు అసలు పట్టవు. తమ సొంత సాయానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే వేరే దరఖాస్తు అడిగే కొన్ని కాలేజీలు మాత్రం ఇంటి విలువ కూడా చూస్తాయి.

చివరగా మీ అబ్బాయి. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే కుటుంబ వాటాను పంచి చూసే పాత పద్ధతిని ఫాఫ్సా 2024-25 నుంచి ఎత్తేసింది. కాబట్టి అబ్బాయి చేరాక కలిసొస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. అతను 2028లో చేరితే చూసేది 2026 ఆదాయాన్ని, అంటే ఆ ఏడాది ఇప్పటికే నడుస్తోంది. అమ్మాయి ఫీజు కోసం షేర్లు అమ్ముదామనుకుంటున్నామని మీ ఉత్తరం చివర రాశారు. ఈ ఏడాది అమ్మితే వచ్చే లాభం 2028లో అబ్బాయి ఫాఫ్సాలోనూ, అమ్మాయి మూడో ఏడాది ఫాఫ్సాలోనూ ఆదాయంగా తేలుతుంది. మొదటి ఏడాది ఫీజుకు పొదుపు ఖాతాలోది, 529లోది వాడండి. ఆ షేర్లను ప్రస్తుతానికి కదపకండి.