ఎస్టిమేట్‌లో ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు, ప్యానెల్‌లో మామూలువి

ప్రశ్న: డాలస్ దగ్గర మా పాత ఇంటికి 19 నెలల క్రితం రెండు బెడ్‌రూమ్‌లు, ఒక గేమ్ రూమ్ అదనంగా కట్టించాం. 8 ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లకు (తీగల్లో వచ్చే చిన్న మెరుపును పసిగట్టి కరెంటు ఆపేసేవి) ఒక్కోదానికి 85 చొప్పున 680 డాలర్లు తీసుకున్నారు. మొన్న ప్యానెల్ (బ్రేకర్లుండే పెట్టె) తెరిస్తే అన్నీ మామూలువే. కాంట్రాక్టర్ మనవాడే, అన్నయ్యా అని పిలిచేవాణ్ణి, నిద్ర పట్టడం లేదు. ఇంట్లోని 30 సర్క్యూట్లకూ అతని ఖర్చుతోనే పెట్టించుకోవచ్చా? మా బావమరిది ఆన్‌లైన్‌లో కొని ఈ శనివారం మార్చేస్తానంటున్నాడు.

జవాబు: ముందు మీ బావమరిదిని ఆపండి. ఆ ప్యానెలే మీ సాక్ష్యం, అది మారిపోయాక "నేను పెట్టాను, మీరే తీసేశారు" అని కాంట్రాక్టర్ అంటే మీ దగ్గర ఏం మిగులుతుంది? పైగా నోటీసు అందాక వచ్చి చూసుకునే హక్కు టెక్సాస్ చట్టం అతనికి ఇచ్చింది. లైసెన్స్ లేని మనిషి, పర్మిట్ లేని పని, ఆ ప్యానెల్‌కు సరిపడని బ్రేకర్ కలిశాక రేపు మంటలొస్తే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న మీకే.

అతను మనవాడా కాదా అన్నది కేసుకు అవసరం లేదు. సంతకమైన ఎస్టిమేట్‌లో "8 ఆర్క్ ఫాల్ట్" అని ఉందా లేదా, అదొక్కటే తేలాలి. ఉంటే ఎలక్ట్రికల్ కోడ్ (వైరింగ్ నిబంధనలు) ఏం చెప్పినా మాట తప్పినట్టే. 30 సర్క్యూట్ల ఆశ మాత్రం వదులుకోండి, కొత్తగా లాగిన లేదా పొడిగించిన సర్క్యూట్లకే కోడ్ వీటిని అడుగుతుంది, ముట్టుకోని పాత వైరింగ్‌ను మార్చమనదు. నగరాలు కోడ్‌లో సవరణలు చేసుకుంటాయి కాబట్టి సిటీ ఆఫీసు నుంచి మీ పర్మిట్, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ కాగితాలు తెప్పించండి. పర్మిటే తీసుకోలేదని తేలితే అది ఇంకా పెద్ద తప్పు.

19 నెలలు ప్యానెల్ తలుపు తీయకపోవడం మీ నిర్లక్ష్యమే. ఈ బ్రేకర్లకు టెస్ట్ బటన్ ఉంటుంది, డబ్బు కట్టిన రోజే ఒక్కసారి చూస్తే తెలిసేది. మోసపూరిత వ్యాపారం కింద దావాకు గడువు రెండేళ్లు. తెలిసిన రోజు నుంచి లెక్కేయమని వాదించవచ్చు గానీ "ముందే చూసుకోవాల్సింది కదా" అని అవతలి లాయర్ తప్పకుండా అంటాడు, తెలిసిన రోజు లెక్కను నమ్ముకోకండి. కాంట్రాక్ట్ ఉల్లంఘనకైతే నాలుగేళ్లు. దావాకు 60 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి కాబట్టి ఆ రెండేళ్లలో మీ చేతిలో మిగిలిన ఐదు నెలలు నిజానికి మూడే.

ఈ వారమే లైసెన్స్ ఉన్న మరో ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ కవర్ తీయించి, ఫొటోలతో రిపోర్టు, ఆ 8 మార్చడానికి ఎంతవుతుందో కొటేషన్ రాయించండి. వాటితో సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రసీదు పెట్టి నోటీసు పంపండి. అతను కదలకపోతే జస్టిస్ కోర్ట్ (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు), 20,000 డాలర్ల వరకు అక్కడ లాయర్ లేకుండానే మీరు వేసుకోవచ్చు.

ఈలోగా ఒక జాగ్రత్త. వదులైన స్క్రూ దగ్గరో, మేకు దిగిన తీగలోనో వచ్చే చిన్న మెరుపును మామూలు బ్రేకర్ పట్టుకోలేదు. ఆ గదుల్లో స్పేస్ హీటర్ పెట్టకండి, ప్లగ్ వేడెక్కినా కాలిన వాసన వచ్చినా వెంటనే ఆ బ్రేకర్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేస్తే సాక్ష్యం ఏమీ పాడవదు.