తెర్తియు పెట్టిన వందనం

ప్రశ్న: కొత్త నిబంధనలో రోమీయులకు, కొరింథీయులకు అంటూ ఉత్తరాలే ఎక్కువ. ఎవరో ఎవరికో రాసుకున్నవి వేదగ్రంథంలోకి ఎలా చేరాయండీ? వాటిని 'పత్రిక' అంటారెందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పత్రిక అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్నదే గుర్తొస్తుంది. కానీ లగ్నపత్రిక, జన్మపత్రిక అంటాం చూడండి, ఆ పత్రిక ఇది. రాసిచ్చిన కాగితమని.

27 పుస్తకాల్లో 21 ఉత్తరాలే. యేసు బోధను ఊరూరా చాటిన అపొస్తలుడు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక సుమారు క్రీ.శ. 50 నాటిది. యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తలూ దాని తర్వాతే వచ్చాయని ఎక్కువమంది పండితుల మాట. మరి బైబిల్లో అంత వెనక ఎందుకుందంటే, సంఘాలకు పౌలు పేరిట ఉన్న ఉత్తరాలను తేదీని బట్టి కాక దాదాపు పొడుగును బట్టి పేర్చారు. ఈ థెస్సలొనీకయుల పత్రికను సహోదరులందరికీ చదివి వినిపించాలని పౌలు అందులోనే ఆనబెట్టి మరీ చెబుతాడు. కొలొస్సయికి వెళ్లిన పత్రికను లవొదికయలో కూడా చదివించమని ఉంది. అలా ఊరూరా నకళ్లు తీసుకున్నారు, దాచుకున్నారు, కూడుకున్నప్పుడల్లా చదువుకున్నారు. వేదగ్రంథంలోకి దారి అదేనమ్మా.

ప్రశ్న: పౌలు తన చేత్తోనే రాశాడా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: నాకెంతో ఇష్టమైన ప్రశ్న అడిగావు బాబూ. మా నాయనమ్మకు తన పేరు రాయడం తప్ప చదువు రాదు. ఆమె చెబుతుంటే ఇన్‌లాండ్ కవరు మీద 'ఉభయకుశలోపరి' నుంచి నేనే రాసేదాన్ని. చివర్లో మిగిలిన కాస్త చోటులో 'అత్తా, ఇది రాసింది నేనే, బాగున్నావా?' అని ఇరికించేదాన్ని. రోమా పత్రిక 16వ అధ్యాయంలో, ఇది రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెబుతున్నానన్న మాట మొదటిసారి కంటబడినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అంత పెద్ద ఉత్తరంలో ఆ రాయసగాడికి దక్కింది ఆ ఒక్క వాక్యం.

పౌలుకు చదువు రాక కాదు, చెప్పి రాయించడం ఆనాటి అలవాటు. గలతీయుల పత్రిక చివర మాత్రం తనే కలం పట్టి, ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నానో చూడండి అంటాడు. మా నాయనమ్మ సంతకమూ అంతే, రెండు వరుసలు ఆక్రమించేది.

ఫిలేమోను పత్రిక తీసి చూడు. ఒనేసిము అనే బానిసను యజమాని ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపుతూ, ఇకమీదట దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకో అని ఖైదులో ఉన్న పౌలు అడుగుతాడు. ఒనేసిము అంటే పనికొచ్చేవాడని అర్థం. ఒకప్పుడు నీకు పనికిరానివాడే, ఇప్పుడు నీకూ నాకూ పనికొస్తాడు అంటూ ఆ పేరుతోనే బతిమాలతాడు. అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేను తీరుస్తానని స్వహస్తంతో రాసిస్తాడు, మనం ప్రోనోటు రాసిచ్చినట్టు. ఆ వెంటనే, నాకు బస సిద్ధం చేసి ఉంచు అంటాడు. మొత్తం పాతిక వచనాలే. ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి పైకి చదువు.