సందేహాలు – సమాధానాలు: అస్తవ్యస్తమా, యాదృచ్ఛికమా?

సందేహం: మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. రాండమ్ వైబ్రేషన్‌ను ‘అస్తవ్యస్త కంపనం’ అన్నాను. మోడల్ మెథడ్స్‌ను మిత్రుడొకరు ‘నమూనా పద్ధతులు’ అన్నారు. సరేనా?

సమాధానం: రెండోది ముందు తేల్చేద్దాం. అది తప్పు. ఇక్కడి మోడల్ (modal) ‘మోడ్’ నుంచి వచ్చింది. నమూనా అనే మోడల్ (model) వేరు. తెలుగు లిపిలో రెండూ ఒకేలా ఉండటంతో వచ్చిన చిక్కిది. వీణ తీగను మీటితే తీగంతా ఒక్కటిగా ఊగుతుంది. సరిగ్గా నడుమ వేలు ఆనీ ఆననట్టు ఉంచి మీటండి: ఆ చోటు కదలదు, రెండు సగాలూ ఎదురెదురుగా ఊగుతాయి, పైస్థాయి స్వరం పలుకుతుంది. అలా ఊగే ఒక్కో తీరూ ఒక మోడ్. విమానం రెక్కకూ ఇలాంటి తీరులెన్నో. ఒక్కోదాని స్పందన లెక్కగట్టి కలిపే పద్ధతులే మోడల్ మెథడ్స్. మోడ్‌ను ‘రీతి’ అనండి, ‘మోడ్’ అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు.

ఇక అసలు మాట. రాండమ్‌కు ‘యాదృచ్ఛికం’ అనాలి. అది ‘యదృచ్ఛా’ నుంచి వచ్చింది. యత్ + ఋచ్ఛా = యదృచ్ఛా. ఋచ్ఛ్ ధాతువుకు వెళ్లడం అని అర్థం. ఏది ఎదురొస్తే అది, మనం కోరకుండా వచ్చిపడేది అన్నమాట. భగవద్గీత నాలుగో అధ్యాయంలోని ‘యదృచ్ఛాలాభసంతుష్టః’ అంటే అలా దొరికినదానితో తృప్తి పడేవాడు. సంధిలో వచ్చింది దకారమే. అయినా ‘యాధృచ్ఛికం’ అని వత్తు పెట్టి అచ్చేస్తున్నారు, ఇంకొందరు ‘యాదృశ్చికం’ అంటున్నారు. మాట పుట్టుక ఒక్కసారి చూసుకుంటే ఈ తప్పు రాదు కదా!

కోరకుండా వచ్చేదంటే క్రమం లేనిదని కాదు. ఉపగ్రహాన్ని ప్రయోగానికి ముందు షేకర్ అనే కుదిపే యంత్రం మీద బిగించి, మామూలుగా 20 నుంచి 2000 హెర్ట్జ్ దాకా అన్ని పౌనఃపున్యాలూ ఒకేసారి కలిపి కుదుపుతారు. మరుక్షణం కుదుపు ఎంతుంటుందో ఎవరూ చెప్పలేరు. దాని విలువల వర్గాల (స్క్వేర్ల) సగటు ఎంతో, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత బలముందో మాత్రం ముందే తెలుసు. అంత లెక్క ఉన్నదాన్ని అస్తవ్యస్తమంటే అన్యాయం. ‘కాకతాళీయం’ రెండు సంఘటనలు కలిసిపడటం, అది ఇక్కడ కుదరదు.

కంపనం బదులు ‘అదురు’ వాడమని నా మనసు చెబుతుంది. బస్సు అద్దం అదురుతోందంటాం గానీ కంపిస్తోందనం. అయితే ‘యాదృచ్ఛిక అదురు’ నోటికి పట్టదు. ప్రస్తుతానికి శీర్షికలో ‘యాదృచ్ఛిక కంపనం’ అని పెట్టి, పాఠంలో వీలైనచోటల్లా అదురనే రాయండి.