తోటి పత్రికపై నిష్ఠురం, సొంత వేదికపై ఆదరం

ప్రశ్న: పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా విద్యార్థి పత్రికలు ఇతర కళాశాలల పత్రికలనూ, తమ ప్రాంగణంలో జరిగిన నాటకాలనూ, కచేరీలనూ సమీక్షించేవని చదివాను. ఆ సమీక్షలు ఎలా ఉండేవి? పరిశోధనలో వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? ఆ రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతుండేది?
– ఒక ఎం.ఏ. విద్యార్థిని, గుంటూరు

జవాబు: అక్కడ ఒక కళాశాల పత్రిక అచ్చయ్యాక కొన్ని ప్రతులు తపాలాలో ఇతర కళాశాలలకు వెళ్లేవి, బదులుగా వారి పత్రికలు వచ్చేవి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం నుంచే సమీక్షా శీర్షిక పుట్టింది, దాని బాధ్యతను సంపాదకవర్గంలో ఒక విద్యార్థికి అప్పగించేవారు. యేల్ సాహిత్య పత్రిక 1836లోనూ, హార్వర్డ్ అడ్వొకేట్ 1866లోనూ, మహిళా కళాశాల వాసర్ నుంచి మిసెలనీ 1872లోనూ మొదలయ్యాయి. శతాబ్దం ముగిసేనాటికి చిన్న ఊళ్ల కళాశాలలకు కూడా సొంత పత్రికలు ఏర్పడినందువల్ల, ఆ విద్యార్థి బల్ల మీద పెద్ద కట్టే చేరేది.

కథ నమ్మేలా ఉందా, వ్యాసం పాఠ్యపుస్తకాన్ని తిరగరాసినట్టు ఉందా, పద్యం నడక కుంటుపడిందా అని అతడు పరిశీలించేవాడు. స్థానిక ఛలోక్తులతో పుటలు నింపి సాహిత్యాన్ని మూలకు నెట్టిన పత్రికను మందలించేవాడు. మనసుకు నచ్చిన చిన్న కవితను మొత్తంగా తన పత్రికలో తిరిగి అచ్చువేసేవాడు. నా దృష్టిలో ఈ పునర్ముద్రణే అన్నిటికన్నా నిజాయితీ గల సమీక్ష, ఎందుకంటే తన కళాశాల కవులకు దక్కవలసిన చోటును అతడు మరొకరికి ఇచ్చాడు.

సొంత ప్రాంగణం మాటకు వచ్చేసరికి ఆ కలం మెత్తబడేది. సాహితీ సంఘాల సభల్లో ఉపన్యాసం, పఠనం, వాదప్రతివాదాలు, మధ్యమధ్య సంగీతం ఉండేవి. బృందగాన కచేరీలు, నాటకాలు వేరు. 1881లో హార్వర్డ్ విద్యార్థులు సోఫోక్లీస్ రచించిన ఈడిపస్ నాటకాన్ని మూల గ్రీకు భాషలోనే ప్రదర్శించారు. అంతటి ఘట్టాలు అరుదు. మామూలు ప్రదర్శనలో నటించినవాడు సమీక్షకుడికి తరగతిలో పక్కవాడే కావచ్చు కనుక, "అందరూ మెచ్చుకున్నారు" వంటి మాటలను ఆధారంగా తీసుకోకండి. ఏ పాటను మళ్లీ పాడించారు, ఏ అంకం సాగదీసినట్టయింది, వానకు జనం తగ్గారా అన్న చిన్న వివరాలను మాత్రం గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే వాటిని కల్పించవలసిన అవసరం వారికి లేదు.

కొన్నేళ్ల క్రితం విజయవాడలో ఒక కళాశాల వార్షికోత్సవ నాటకం చూశాను. దుర్యోధన వేషధారికి పద్యం మూడో పాదంలో ఊపిరి అందక గొంతు ఆగింది. హార్మోనియం వాయించే పెద్దాయన ఆ శ్రుతిని వదలకుండా పట్టి ఉంచారు. కుర్రవాడు ఆయన వైపు ఒక్కసారి చూసి, పాదాన్ని మళ్లీ ఎత్తుకుని పూర్తిచేశాడు, హాలంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఆ కళాశాల సంచికలో "విద్యార్థులు చక్కగా నటించారు" అన్న ఒక్క వాక్యం కనిపించినప్పుడు నిజంగా బాధ కలిగింది.

ఇక మన దగ్గర, 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు ఆడించారు. టంగుటూరి ప్రకాశం కూడా విద్యార్థి దశలో వేషాలు కట్టినవారే. మీ గుంటూరులో నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో ఆరంభమైంది. అదే ఏడాది నెల్లూరు నుంచి పూండ్ల రామకృష్ణయ్య 'అముద్రిత గ్రంథ చింతామణి' పత్రికను వెలువరించి గ్రంథ విమర్శకు పెద్ద పీట వేశారు. అయితే అందులో రాసినవారు పండితులు, విద్యార్థులు కారు; మీ పోలికలో ఈ తేడాను స్పష్టంగా చూపండి.

పని మొదలుపెట్టేటప్పుడు ఒకే ప్రదర్శనను ఎంచుకుని, కళాశాల పత్రికలోని సమీక్షనూ, ఊరి వార్తాపత్రిక రాసినదాన్నీ, దొరికితే ఆనాటి కార్యక్రమ పత్రాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. కార్యక్రమ పత్రంలో పేరు ఉండి సమీక్షలో ప్రస్తావన లేని నటుడు కనిపిస్తే, ముందుగా అతని గురించే వెతకండి.