జంటగా ఉన్నప్పుడు కెమెరా ఎంత దూరంలో ఉండాలి?

ప్రశ్న: మా ఇంటి వెనకే పంట కాలువ. ఫోన్‌కి క్లిప్ లెన్స్ తగిలించి పురుగుల ఫొటోలు తీస్తుంటాను. రెండు తూనీగలు కలిసి గుండె బొమ్మలా కూర్చుంటాయి కదా, ఆ ఫొటో కోసం రెండు నెలల నుంచి తిరుగుతున్నాను. దగ్గరికి వెళ్తే చాలు, ఎగిరిపోతున్నాయి. దొరికిన ఒకటి రెండు కూడా మసగ్గా వచ్చాయి. పైగా మా అత్తయ్యగారు "వాటి మానాన వాటిని ఉండనివ్వక ఆ ఫొటోలేంటమ్మా" అంటున్నారు. నేను చేసేది తప్పా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారి మాట తీసుకుంటాను. ఆవిడ అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఫొటో తీస్తే తప్పేం లేదు గానీ, ఆ జంటను లేపేస్తే మాత్రం తప్పే.

అవి ఆ ఆకారంలో కుదురుకోవడానికి వెనక ఎంత తతంగం నడుస్తుందో తెలిస్తే మీకే చెయ్యి ఆగుతుంది. తూనీగ పొట్ట పది కణుపులుగా ఉంటుంది. మగదాని వీర్యం బయటికి వచ్చేది తొమ్మిదో కణుపు దగ్గర. దాన్ని ఆడదానికి అందించే అవయవం ఉండేదేమో ఛాతీని ఆనుకుని, రెండో కణుపు కింద. అందుకని మగది ముందు తన పొట్టను తానే వంచుకుని వీర్యాన్ని అక్కడికి చేరవేసుకోవాలి. తోక చివరి కొక్కేలతో ఆడదాని మెడ దగ్గర పట్టుకుంటుంది. ఆడది ఒప్పుకుని తన పొట్టను ముందుకు వంచి ఆ రెండో కణుపును అందుకుంటేనే మీరు చెప్పిన బొమ్మ ఏర్పడుతుంది. అంతటితో అయిపోదు. ఆడది అంతకుముందు ఇంకో మగదాన్ని కలిసి ఉంటే, ఆ పాత వీర్యాన్ని ఈ మగది ముందు తోడి బయటికి తీసేస్తుంది. ఒక రకం సన్న తూనీగల్లో (పుల్లలాంటి ఒళ్లుండే తూనీగలివి) ఇలా జరుగుతుందని 1979లో ఒక అమెరికన్ పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో చూపించాడు. కొన్ని జాతుల్లో ఈ పని నిమిషాల్లో ముగుస్తుంది, కొన్నింట్లో గంటలు పడుతుంది.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. రావులపాలెం దగ్గర కాలువ గట్టు మీద పసుపుపచ్చ సన్న తూనీగల జంట దొరికింది. కోరమండల్ మార్ష్ డార్ట్ అంటారు వాటిని, మన కోస్తా పేరే పెట్టారు. మగదాని పొట్ట పసుపుకొమ్ములా మెరుస్తుంటుంది. వెలుతురు బాగుంది, నా చెయ్యీ కుదురుగానే ఉంది. వెనక ఒక ఎండుగడ్డి పరక అడ్డొచ్చిందని వేలితో పక్కకి వంచాను. దాని కొస వెళ్లి జంట కూర్చున్న పరకకి తగిలింది. మగది పట్టు వదిలేసింది, ఆడది అవతలి గట్టు వైపు వెళ్లిపోయింది. నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాను, అవి మళ్లీ కలవలేదు. ఆ రోజు నుంచి జంట చుట్టూ ఉన్న గడ్డిని ముట్టుకోను. అడ్డొచ్చిన పరక ఫొటోలో అడ్డంగానే ఉంటుంది.

ఇక మీ అసలు ఇబ్బంది ఆ క్లిప్ లెన్స్. దాంతో ఫోకస్ కుదరాలంటే ఫోన్‌ని వాటికి రెండు మూడు అంగుళాల దాకా తీసుకెళ్లాలి. తూనీగకి తలంతా కళ్లే, అంత పెద్ద వస్తువు మీదికి వస్తుంటే ఉంటుందా? ఈ ఫొటోకి క్లిప్ తీసేయండి. మీ ఫోన్‌లో జూమ్ లెన్స్ విడిగా ఉంటే రెండడుగుల దూరం నుంచి దాంతోనే తీయండి. కెమెరా కొనే ఆలోచన ఉంటే సెకండ్ హ్యాండ్‌లో 90 లేదా 100 ఎం.ఎం. మ్యాక్రో లెన్స్ చూడండి, అడుగున్నర దూరం నుంచి జంట మొత్తం ఫ్రేములో నిండుగా వస్తుంది.

మసక రావడానికి చాలాసార్లు చెయ్యి వణకడం కన్నా కోణమే కారణం. అంత దగ్గర్లో కెమెరాలో ఎఫ్ 11 పెట్టి లెన్స్ కంతని బాగా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు అయిదు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కానీ ఆ బొమ్మ పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది, మనకి అదే అదృష్టం. సరిగ్గా పక్క నుంచి, కెమెరా వీపు దానికి సమాంతరంగా ఉండేలా పట్టుకోండి. రెండు తలలూ, తోక కొసలూ ఒకేసారి స్పష్టంగా వస్తాయి. షట్టర్ వేగం 1/250 సెకనుకి తగ్గనివ్వకండి, కాలువ గట్టు మీద గాలి ఆగదు.

తెల్లవారుజామున వెళ్లమని అందరూ చెబుతారు. మంచు బిందువులతో ఒంటరి తూనీగ కావాలంటే అది మంచి వేళే. జంటలకి మాత్రం ఒళ్లు వేడెక్కాలి. నా అనుభవంలో తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎక్కువగా కనిపిస్తాయి. మీ నీడ వాటి మీద పడకుండా చూసుకుని, గొంతుకూర్చుని, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేయండి. అవి రెక్కలు విప్పితే అక్కడే ఆగిపోండి.

కలయిక అవ్వగానే ఫోన్ జేబులో పెట్టేసుకోకండి. చాలా రకాల సన్న తూనీగల్లో ఆడది నీటిలోని మొక్క కాడని చీల్చి గుడ్లు పెడుతుంటే, మగది దాని మెడని వదలకుండా, కాళ్లు దేనికీ ఆనించకుండా నిట్టనిలువుగా నిలబడి కాపలా కాస్తుంది. నాకు గుండె బొమ్మ కన్నా ఆ దృశ్యమే ఎక్కువ ఇష్టం. ఆ ఫొటో తీసి మీ అత్తయ్యగారికి చూపించండి.

ప్రశ్న: మా పెరట్లో జిల్లేడు చెట్టు మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు రెండు, తోకలు అతుక్కుపోయి గంట నుంచి అలాగే ఉన్నాయి. మా బాబు విడదీస్తానంటున్నాడు. ఫొటో పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వద్దండీ, బాబుని ఆపండి. అవి ఇరుక్కుపోలేదు, కలుస్తున్నాయి. మగది వీర్యాన్ని పోషకాలతో సహా ఒక చిన్న మూటలా ఆడదానికి ఇస్తుంది. దానికి గంటకు పైనే పట్టవచ్చు. లాగితే రెండింటికీ గాయమవుతుంది. మీరు పంపింది ప్లెయిన్ టైగర్ జంట, ఫొటో చక్కగా ఉంది. కొద్ది రోజులు పోయాక బాబుని అదే జిల్లేడు దగ్గరికి తీసుకెళ్లి ఆకుల అడుగు భాగం చూడమనండి. ఆకుకి ఒక్కటి చొప్పున, గసగసాలంత తెల్లటి గుడ్లు కనిపించవచ్చు. మూడు నాలుగు రోజుల్లో గొంగళిపురుగు బయటికొస్తుంది. అది పెరిగి తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ములతో తయారవుతుంది. అప్పుడు కెమెరా బాబు చేతికివ్వండి. జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడకూడదు, జాగ్రత్త.